కోచ్ అంకుల్ వదిలేసిన బంతి

మా పక్కింటి కోచ్ గారు పోయారు. మంగళవారం పొద్దున్న చెత్త డబ్బా రోడ్డు పక్కన పెడుతుంటే, ఆయన భార్య ఇంట్లో వేసుకునే చెప్పులతోనే లాన్ దాటి వచ్చి చెప్పారు. "నిద్రలోనే వెళ్ళిపోయాడు. చెప్పకుండా వెళ్ళడం అతనికి అలవాటే, టీములు మారినప్పుడు కూడా ఇంతే," అని నవ్వబోయి ఏడ్చేశారు. నాకేం చెయ్యాలో తోచలేదు. కాఫీ తాగుతారా అని అడిగాను. ఆవిడ తాగుతానన్నారు. ఇద్దరం మా వంటింట్లో కూర్చుని రెండేసి కప్పులు తాగాం.

ఆయన గురించి రాయడానికి నాకు అర్హత లేదు, ముందే చెప్పేస్తున్నాను. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనేదాకా అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడడమనే అనుకునేదాన్ని. పక్కింటాయన ఒకప్పుడు ప్రొఫెషనల్ ప్లేయర్, వైడ్ రిసీవర్ అని తెలిసి, అంటే ఏం చేస్తారండీ అని ఆయన్నే అడిగేశాను. "గబగబా పరిగెత్తుతాను. ఎవడో దూరం నుంచి బంతి విసురుతాడు. అది నా చేతికి వచ్చేలోపు ఇద్దరు నన్ను చంపడానికి వస్తారు. పట్టుకుంటే చప్పట్లు, లేకపోతే తిట్లు," అన్నారు. తన ఉద్యోగం గురించి అంత సూటిగా చెప్పగలిగినవాళ్ళు మా ఆఫీసులో ఒక్కరూ లేరు.

నాలుగు టీములకి ఆడారట. అందులో మూడు, వద్దని పంపించేసినవే. మోకాలు పోయాక ఒక కాలేజీలో రిసీవర్లకి కోచ్ అయ్యారు, తర్వాత హైస్కూల్‌కి వచ్చారు, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక మా అమ్మాయి చదివే స్కూల్లో ఆడపిల్లల ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీముకి నేర్పడం మొదలుపెట్టారు. అందులో ఒకరినొకరు గుద్దుకోవడం ఉండదు, నడుముకి కట్టుకున్న రిబ్బన్ లాగేస్తే ఆట ఆగుతుంది. ఆయన చేతివేళ్ళలో ఒక్కటీ తిన్నగా ఉండేది కాదు. వేలికి ఎక్కక, పెళ్ళి ఉంగరాన్ని మెడలో గొలుసుకి వేసుకునేవారు.

ఇన్నేళ్ళ కెరీర్‌లో జనానికి గుర్తున్నది మాత్రం ఒక్కటే. ఏదో పెద్ద మ్యాచ్ చివర్లో, చుట్టూ ఎవరూ లేకుండా, నేరుగా చేతుల్లోకి వచ్చిన బంతిని వదిలేశారు. ఒకసారి గ్రోసరీ స్టోర్‌లో టమాటాల దగ్గర ఒక ముసలాయన వచ్చి, "నువ్వు ఆ బంతి వదిలేసినవాడివి కదా?" అన్నాడు. ఈయన సంతోషంగా చెయ్యి కలిపి, "అవును సార్, నేనే," అన్నారు. పక్కనే ఉన్న నాకు ఒళ్ళు మండింది. పట్టుకున్నవి కూడా చెప్పొచ్చు కదా అన్నాను. "పట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. దాన్ని వదిలేసింది నేనొక్కణ్ణే," అని టమాటాలు ఏరుకున్నారు.

గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం చేసుకుంటూ దంపతులిద్దర్నీ పిలిచాం. తీర్థం ఇస్తుంటే ఆయన రెండు చేతులూ ముఖం ముందుకెత్తి, బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి, బంతి కోసం సిద్ధంగా ఉన్నట్టు నిలబడ్డారు. తీర్థం ఆ సందులోంచి జారి చొక్కా చేతిలోకి పోయింది. "కుడి చెయ్యండీ, కుడి చెయ్యి ఒక్కటే చాపాలి," అని సరిచేశాను. "మరి ఎడమచెయ్యి ఏం తప్పు చేసింది?" అని అడిగారు. దాంతో ఏమీ ఇవ్వం, పుచ్చుకోం అని చెప్పాను. ఆయన తన ఎడమచేతిని కాసేపు జాలిగా చూసుకుని, "నా క్యాచ్‌ల్లో సగం దీనివే," అన్నారు. మళ్ళీ కుడి చెయ్యి చాపి, ఈసారి బుద్ధిగా తీర్థం పుచ్చుకున్నారు.

మా అమ్మాయి టెన్త్ గ్రేడ్‌లో ఆ టీములో చేరతానంది. నేను వద్దన్నాను. మా ఆయన మాత్రం, "కాలేజీలో బౌండరీ దగ్గర ఎన్ని క్యాచ్‌లు పట్టానో తెలుసా? నేను నేర్పిస్తా," అని పెరట్లోకి దిగి, మొదటి బంతినే ముక్కుతో అందుకున్నారు. ఫెన్స్ మీంచి కోచ్ గారు ఐస్ ప్యాక్ అందిస్తూ, "ముక్కుతో పడితే మా ఆటలో లెక్కలోకి రాదు," అన్నారు. ఆ రోజు నుంచి ప్రాక్టీస్ ఆయన పెరట్లోకి మారింది.

రెండో వారం నన్ను పిలిచారు. "ఈ పిల్లకి కాళ్ళున్నాయి, కళ్ళున్నాయి. ఎడమచెయ్యి మాత్రం ఎక్కడో దాచుకుంటోంది. బంతి ఏ పక్క వచ్చినా కుడి చెయ్యే వెళ్తోంది. నలభై ఏళ్ళుగా నేర్పుతున్నాను, ఇలాంటి పిల్లని చూడలేదు." చెబుతూ చెబుతూ ఆగి నా వైపు చూశారు. తీర్థం గుర్తొచ్చిందని నాకు తెలిసిపోయింది. దాని రెండో ఏటి నుంచీ బిస్కెట్ పుచ్చుకున్నా, పెన్సిల్ ఇచ్చినా, ఎడమచెయ్యి ముందుకొస్తే చాలు, "ఆ చెయ్యి కాదు!" అని ఒక దెబ్బ వేసేదాన్ని నేనే. సిగ్గుతో తల దించుకున్నాను.

దానికాయన మందు నాకే రాసిచ్చారు. నెల్లాళ్ళు ఇంట్లో దానికి ఏ వస్తువూ చేతికివ్వకూడదు, విసరాలి, అది రెండు చేతులతో పట్టుకోవాలి. నిమ్మకాయలు, ఉప్పు ప్యాకెట్, రిమోట్, దోసకాయ, అన్నీ విసిరాను. కొబ్బరికాయ కూడానా అంటే దానికి హెల్మెట్ కావాలన్నారు. "చేతిలో పడేదాకా బంతినే చూడు, పడ్డాక కూడా ఇంకాసేపు చూడు," అనేవారు దానితో. పెద్దవాళ్ళెవరినీ ఆంటీ, అంకుల్ అనకుండా పిలవకూడదని పెంచాను కదా, ఇది ఆయన్ని కోచ్ అంకుల్ అనేది. నెల తిరక్కుండా టీములో, టెక్సాస్‌లో పుట్టి పెరిగిన పిల్లలందరూ కోచ్ అంకుల్ అనే పిలవసాగారు. ఆయన ఆ మాట టోపీ మీద కుట్టించుకున్నారు.

పిల్ల టీములోకి వచ్చింది. సీజనంతా బాగానే ఆడింది. ఆఖర్న, గెలిస్తే ఫైనల్ అన్న మ్యాచ్‌లో, కొన్ని సెకన్లే మిగిలుండగా బంతి దాని ఎడమ భుజం మీదికి వచ్చింది. నా కళ్ళ ముందే దాని కుడి చెయ్యి ఒక్కటే పైకి లేచింది. బంతి వేళ్ళకి తగిలి పక్కకి పోయింది, దాంతో మ్యాచ్ కూడా పోయింది. స్టాండ్స్‌లో ఎవరో, "రెండు చేతులు పెట్టాలని కూడా తెలీదా?" అన్నారు. వెనక్కి తిరిగి, అది దాని తప్పు కాదు, నాది అని అరవాలనిపించింది.

కార్‌లో, "అమ్మా, ఐయామ్ డన్. ఇంక ఆడను. ప్లీజ్ డోంట్ టాక్," అంది. ఇంటికి రాగానే బూట్లు గరాజ్‌లో ఒక అట్టపెట్టెలో పడేసి, దానికి టేప్ వేసేసింది.

ఆదివారం మధ్యాహ్నం కోచ్ గారు లాప్‌టాప్ పట్టుకుని వచ్చి, మా టీవీకి కనెక్ట్ చేయమని మా ఆయన్ని అడిగారు. తను వదిలేసిన ఆ బంతి వీడియో. మా సోఫాలో మధ్యలో కూర్చుని ఆయనే కామెంటరీ. "ఇక్కడ ఆపండి. ఆ వెధవ మొహం చూడండి. బంతి ఇంకా గాల్లోనే ఉంది, వాడప్పుడే ఏ డాన్స్ చెయ్యాలా అని ఆలోచిస్తున్నాడు. ఒక్కసారి స్లోమోషన్‌లో వెయ్యండి." మా ఆయన వేశారు. నాలుగోసారికి అమ్మాయి మెట్ల మీది నుంచి దిగి వచ్చింది.

"కోచ్ అంకుల్, ఆ తర్వాత ఏమైంది?"

"ఆ తర్వాతి బంతి కూడా నాకే విసిరాడు."

"పట్టుకున్నారా?"

"లేదు. అదీ వదిలేశాను."

నేనూ మా ఆయనా ఆపుకోలేక నవ్వేశాం. ఆయన కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. అది మాత్రం నవ్వలేదు, మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు ఆయన్ని డ్రైవ్‌వే దాకా సాగనంపుతూ బతిమాలాను. "మీరొక్క మాట చెబితే వస్తుంది. వచ్చే సీజన్ టీముని ఎంచే ట్రయౌట్స్ దగ్గర పడుతున్నాయి." ఆయన తల అడ్డంగా ఊపారు. "నేను చెబితే నా కోసం వస్తుంది. నా కోసం వచ్చిన పిల్ల నేను లేని రోజు ఏం చేస్తుంది? దానికి పట్టుకోవాలనిపించినప్పుడే రానీ." ఇది జరిగిన తొమ్మిది రోజులకి ఆయన పోయారు.

చర్చిలో ఆయన అంత్యక్రియల సర్వీసుకి నేను పెద్ద ట్రే నిండా పులిహోర చేసి తీసుకెళ్ళాను. తలుపులకి అడ్డం పడేంత భారీ మనుషులు, ఆయనతో ఆడినవాళ్ళు, కళ్ళు తుడుచుకుంటూ అది తిన్నారు. కారంగా ఉందేమో అని అడిగితే, ఏడవడానికి మంచి సాకు దొరికిందన్నాడు ఒకాయన. మా అమ్మాయి నల్ల బట్టల్లో నా పక్కనే కూర్చుంది. ట్రయౌట్స్‌కి వెళ్తావా అని అడగాలనుకున్నాను. ఆయన మాట గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. నా గురించి తెలిసినవాళ్ళకి అదెంత కష్టమో అర్థమవుతుంది.

నిన్న ట్రయౌట్స్. అమ్మాయిని స్కూల్ నుంచి తీసుకురావడానికి వెళ్తే బయట ఎక్కడా కనిపించలేదు. మెసేజ్ వచ్చింది, "లేట్ అవుతుంది అమ్మా. గ్రౌండ్‌లో ఉన్నా." నేను కార్ అక్కడే వదిలేసి ఫెన్స్ దగ్గరికి పరిగెత్తినట్టే నడిచాను. కొత్త కోచ్ ఒక అమ్మాయి, విజిల్ వేసి ఒక్కొక్కరికీ బంతి విసురుతోంది. మా పిల్ల వంతు వచ్చింది. పరిగెత్తింది, తిరిగింది, బంతి సరిగ్గా గుండెల మీదికి వచ్చింది, వదిలేసింది. నా ప్రాణం పోయినంత పనైంది. అది కిందపడ్డ బంతి వైపు చూసి, పగలబడి నవ్వింది. ఆ బంతి తీసి కోచ్‌కి తిరిగి విసిరేసి, పరిగెత్తుకెళ్ళి లైన్ చివర నిలబడింది. ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు. తన వంతు ఎప్పుడొస్తుందా అని మునివేళ్ళ మీద లేచి, వాళ్ళ భుజాల మీంచి తొంగి చూస్తోంది.