చొక్కా జేబులో బెల్లం

పొద్దున్నుంచి ముసురు. చేలో నిలిచిన నీళ్ళు బోదెలోకి తీసి తొమ్మిదింటికి ఇంటికొచ్చాను. అప్పటికే మస్తాన్ గారు దొడ్లో మా ఆడగుర్రాన్ని నడిపిస్తున్నారు. పెళ్ళి ఊరేగింపుల కోసం కొన్న గుర్రం అది. పగ్గం పట్టుకున్న మనిషి మీదకు తోసుకొస్తుంది. పక్కన ఒదిగి నడవడం, ఆగమంటే ఆగడం నేర్పడానికి ఈయన్ని బందరు నుంచి పిలిపించాను. నలభై ఏళ్ళు జట్కా తోలిన మనిషి. పది రోజులుగా మా ఇంట్లోనే ఉంటున్నారు.

ఈ రోజు అది ఆయన చొక్కా జేబులో మూతి పెట్టి ఒక్క తోపు తోసింది. ఆయన బురదలో పడ్డారు.

"దీనికి ఎవరన్నా జేబులోంచి తిండి పెడుతున్నారా అండీ?" అన్నారు లేస్తూ.

"లేదండీ," అన్నాను.

"అయితే లోపం నాదేనండి. ఇదివరకు ఎంత పొగరుదైనా నాలుగు రోజుల్లో దారికొచ్చేది. నా చేతిలో పనితనం పోయింది. రేపు పెళ్ళికొడుకుని ఇలాగే బురదలో కూర్చోబెడితే మీకు మాటొస్తుంది. ఇంకెవర్నన్నా చూసుకోండి."

రోజూ తెల్లవారుజామున, ఆయన నమాజులో ఉండగా, నా చొక్కా జేబులోంచి ఉయ్యూరు బెల్లం తీసి పెడుతున్నది నేనే. అది మూతితో తోస్తే ముచ్చటేసి ఇంకో ముక్క పెట్టేవాణ్ణి. డెబ్భై ఏళ్ళ మనిషి తన చేతుల్ని తానే తిప్పి చూసుకుంటుంటే కూడా నేను ఆ సంగతి చెప్పలేదు. మీరైతే చెప్పేవారా? కామెంట్లలో తిట్టినా పర్వాలేదు.

మస్తాన్ గారు నాలుగున్నర బస్సుకి బందరు వెళ్ళిపోయారు.