సున్నా మార్కుల వేలిముద్ర

శాంతి యూనివర్సిటీలో క్రిమినాలజీలో చేరిందని తెలిసి ముందుగా కంగారుపడింది ఊళ్ళో పాస్టరు గారు. "పేరులోనే క్రిమినల్ వినబడుతోంది గదమ్మా, పిల్లకి ఎందుకొచ్చిన చదువు?" అని ఆమె తల్లి అంకమ్మని అడిగారు. అంకమ్మకి చదువు రాదు గానీ మాటకి తడుముకునే మనిషి కాదు. "దొంగల గుట్టు విప్పే చదువంటండీ అయ్యగారూ. దొంగతనం నేర్పేదైతే మన ఊళ్ళోనే బోలెడుమంది మేస్టార్లున్నారుగా, అంత దూరం పంపడమెందుకు?" అంది. పాస్టరు గారు నవ్వేసి పిల్ల కోసం ప్రార్థన చేశారు.

అది రెండువేల మూడో సంవత్సరం. వాళ్ళ ఊరు చిలకలూరిపేటకి కూతవేటు దూరం. భర్త జక్రయ్య పోయాక అంకమ్మ కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే పనిలో కుదిరింది. జనవరి నుంచి మే దాకా పొద్దున్నే వెళ్ళి కాయల గుట్ట ముందు కూర్చుంటే పొద్దుగూకే దాకా లేవడానికుండదు. ఒక చేత్తో కాయ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో తొడిమ గిల్లెయ్యాలి. రోజుకి ఎన్ని వేల కాయలో ఎవరూ లెక్కపెట్టరు. ఇంటికొచ్చాక చేతులు మజ్జిగలో ముంచినా మంట చల్లారేది కాదు. ఆ చేతులతోనే కూతుర్ని డిగ్రీ దాటించింది, ఒక్కనాడూ అబ్బా అనలేదు.

ఇలాంటి తల్లి ఉండి, శాంతి చేసిన పని చూడండి.

ఫిబ్రవరిలో వేలిముద్రల ప్రాక్టికల్ పెట్టారు. ఇంటికెళ్ళి పెద్దవాళ్ళ ముద్రలు కార్డు మీద తీసుకురమ్మన్నారు ఇమాం హుస్సేన్ సారు. పేరు, వయసు, వృత్తి కూడా రాయాలి. క్లాసులో ఒకమ్మాయి తండ్రి లాయరు, ఇంకొకడి తల్లి టీచరు. శాంతి పెన్ను వృత్తి దగ్గర కాసేపు ఆగింది. ఆగి, 'గృహిణి' అని రాసేసింది.

తల్లి ముద్ర మాత్రం ఎన్నిసార్లు తీసినా సరిగ్గా పడలేదు. గీతలుండాల్సిన చోట నల్లటి మచ్చ. "కదలకమ్మా!" అని కసిరింది. "నేను కదిలితే గదే" అంది అంకమ్మ. ఆఖరికి ఆ మచ్చల కార్డే పట్టుకెళ్ళింది. సారు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, వృత్తి చదివి, "ఇంట్లో ఉండే మనిషి వేళ్ళు ఇలా ఉండవమ్మా. నీకు తీయడం రాలేదు" అని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, తేదీ వేసి, డిపార్ట్‌మెంటు ముద్ర కొట్టి ఇచ్చారు. ఆ వారం ఇంటికొచ్చి, "నీ వల్లే నాకు సున్నా వచ్చింది" అని తల్లి మీద ఎగిరింది శాంతి. అంకమ్మ తన వేళ్ళ వంక చూసుకుంది.

ఏప్రిల్లో, ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం వెళ్ళిన మర్నాడు హాస్టలుకి ఫోనొచ్చింది. షెడ్డులో అంకమ్మ పక్కన కూర్చునే రహిమున్నీసా, ఎస్టీడీ బూత్ నుంచి ఏడుస్తూ మాట్లాడింది. "కిందటి నెల్లో రెండు టిక్కీల కాయలు పోయినయ్యంటమ్మా. మీ అమ్మే తీసిందని దానయ్య కాయితం చూపిస్తన్నాడు. తప్పొప్పుకుని వేలిముద్రేసిందంట. రేపు పొద్దున్న పోలీసులకి ఇస్తారంట!"

దానయ్య ఆ కోల్డ్ స్టోరేజీ గుమాస్తా. టిక్కీ అంటే నిండుగా కుట్టిన మిరపకాయల గోతం. చంకన పెట్టుకుని పోయే వస్తువేం కాదు. కానీ కాయితం కాయితమే. ముద్రేసిన కాయితం ముందు కూలి మనిషి నోటిమాట ఏపాటి? కేసంటూ పడితే అంకమ్మ మళ్ళీ ఏ షెడ్డు గడపా తొక్కలేదు, తల ఎత్తుకుని చర్చికీ పోలేదు.

తెల్లారేసరికి శాంతి షెడ్డు దగ్గరుంది. యజమాని కుర్చీలో కూర్చున్నాడు. అంకమ్మ నిలబడి ఉంది. "నేను ముద్రెయ్యలేదయ్యగారూ" అన్న ఒక్క మాటే చెబుతోంది.

"ఆ కాయితం ఒకసారి చూడొచ్చాండీ?" అంది శాంతి.

"చూడనివ్వండి, పెద్ద చదువు చదువుతోందిగా" అన్నాడు దానయ్య వెటకారంగా.

శాంతి సంచిలోంచి భూతద్దం తీసి చూసింది. కింద మార్చి నెల తేదీ. ముద్ర ముచ్చటగా పడింది. మధ్యలో చక్కటి సుడి, దాని చుట్టూ విడివిడిగా గీతలు, అడ్డంగా ఒక పాత గాటు. సున్నా ఎందుకొచ్చిందో శాంతికి అప్పుడు తెలిసింది.

"అమ్మా, ఇలా రా." ఇంకు ప్యాడ్ తీసి తల్లి బొటనవేలు తెల్లకాయితం మీద నొక్కించింది. నల్లటి మచ్చ.

"కావాలని రుద్దేస్తోందండీ!" అన్నాడు దానయ్య.

"అయితే నాది తీయమ్మా" అని రహిమున్నీసా ముందుకొచ్చింది. మచ్చే. ఆమె వెనక ఇంకొకామె, ఇంకొకామె. తొమ్మిదిమంది వేశారు. తొమ్మిదీ మచ్చలే. తొడిమలు గిల్లీ గిల్లీ ఆ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి.

"వీళ్ళంతా ఒక కట్టు! నిన్నే వేళ్ళు బండకేసి రాసుకునుంటారు!"

అప్పుడు శాంతి ఎర్ర సున్నా ఉన్న కార్డు తీసి యజమాని చేతిలో పెట్టింది. "ఇది ఫిబ్రవరిలో తీసిందండీ. అప్పటికి ఏ గొడవా లేదు. తేదీ, ముద్రా చూడండి. ఫిబ్రవరిలో లేని గీతలు, రోజూ పనిచేస్తుంటే మార్చిలో ఎక్కడినుంచొచ్చాయి?"

దానయ్య తొంగిచూసి పకపకా నవ్వాడు. "గృహిణి అని రాసుందండీ! తల్లి కూలిపనికి పోతే ఇంట్లో ఉంటదని రాసింది. ఈ పిల్ల మాట నమ్మమంటారా?"

శాంతి మొహం కందిపోయింది. తల్లి ముందు, ఆ తొమ్మిదిమంది ముందు ఇక దాచేదేముంది?

"అది నేనాడిన అబద్ధమండీ. మా అమ్మ కూలి అని రాయడానికి సిగ్గుపడ్డాను. తప్పు నాది. ఆ వేలు మాత్రం అబద్ధం చెప్పలేదు."

షెడ్డులో కాసేపు ఎవరూ దగ్గలేదు కూడా. మిరప ఘాటులో అది మామూలు విషయం కాదు.

యజమాని కార్డు పక్కన పెట్టి, "ఏదీ దానయ్యా, ఈ కాయితం తెచ్చింది నువ్వేగా, నీ వేలు కూడా వెయ్యి" అన్నాడు.

"నాకు సంతకం వచ్చుగా అయ్యగారూ, వేలిముద్రెందుకు?" అంటూనే చెయ్యి జేబులో పెట్టుకున్నాడు దానయ్య. ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. వెయ్యక తప్పలేదు. సుడి పడింది, గాటూ పడింది.

యజమాని శాంతి వంక చూశాడు. ఆమె తొందరపడలేదు. "నేనింకా విద్యార్థినండీ, ఇది ఫలానావాళ్ళదని తేల్చే అర్హత నాకు లేదు. రెండు కాయితాలూ పోలీసుల వేలిముద్రల నిపుణులకి పంపించండి, వాళ్ళు చెబుతారు" అంది. పంపించే పని పడలేదు. ఆ మాటకే దానయ్య కూలబడి, టిక్కీలు తన బావమరిది కొట్టంలో ఉన్నాయని ఒప్పుకున్నాడు.

ఇంటికి నడుస్తుంటే శాంతి తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "సున్నా నీ వల్ల కాదమ్మా."

"ఏడవకే. మా పిల్ల పెద్ద పెద్దోళ్ళ ముందు ఎట్టా మాట్టాడిందో చూశాగా. నాకిక చాలు" అంది అంకమ్మ. చాలని ఊరుకుందా? సాయంత్రానికల్లా ఆ కథ ఊరంతా రెండుసార్లు చెప్పొచ్చింది.

విషయం విని ఇమాం హుస్సేన్ సారు కార్డు తెమ్మన్నారు, సున్నా దిద్దుతానన్నారు. "సున్నా ఉండనివ్వండి సార్, నేనొక్క మాట దిద్దుకుంటాను" అని శాంతి 'గృహిణి' కొట్టేసి పక్కన రాసింది. సారు ఆ కార్డుని అద్దం కట్టించి ల్యాబ్ గోడకి పెట్టించారు. శాంతి పట్టా పుచ్చుకున్న రోజున అంకమ్మని అక్కడికి తీసుకెళ్ళి, తాను నిలబడి ఆమెకి కుర్చీ వేశారు.

"ఏం రాశావే అందులో?" అంది అంకమ్మ గోడవైపు చూసి.

ల్యాబ్ నిండా విద్యార్థులున్నారు. శాంతి గొంతెత్తి చదివింది: "మొండితోక అంకమ్మ. వయసు నలభై రెండు. వృత్తి, మిరపకాయల తొడిమలు తీసే కూలీ."

అంకమ్మ పైట సర్దుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఇంకోసారి చదువు" అంది.