అమ్మమ్మ గోడలో హద్దురాయి

పలుగు రాతికి తగిలినప్పుడు ఖంగుమని ఒక చప్పుడు వస్తుంది. పట్టుకున్నవాడి అరచేతుల్లో మొదలై మోచేతుల దాకా పాకుతుంది. నేను ఊళ్ళలో పొలాలు కొలిచే సర్వేయర్ని కాబట్టి, హద్దుల్లో రాళ్ళు పాతే చోట ఆ చప్పుడు రోజూ వింటాను. నిన్న అచ్చంపేట వైపు ఒక కందిచేలో కూలీ పలుగు వేస్తే నిప్పురవ్వ లేచి, కాలిన రాతి వాసన వచ్చింది. ఆ వాసనతో పాటు మా అమ్మమ్మ సువార్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చి నిలబడినట్టే అయింది. "రాయి పాతుతున్నావా, బావి తవ్వుతున్నావా?" అని ఆ కూలీని అడిగి ఉండేది. ఆవిడ పోయి పదకొండేళ్ళయినా నా పనిలో వంకలు పెట్టడం మానలేదు.

అమ్మమ్మా, తాత యేసోబూ కనిగిరి వైపు నుంచి మాచర్ల దగ్గరికి వలస వచ్చినవాళ్ళు. సాగర్ కాలువ వస్తుందని, బంజరు బాగుచేసుకుంటే బతకొచ్చని విని, ఒకే మందిరంలో ప్రార్థన చేసుకునే తొమ్మిది కుటుంబాలు కలిసి బయలుదేరాయి. మావాళ్ళకి సొంత బండి లేదు. తాత స్నేహితుడు దానియేలు తన బండిలో సగం ఖాళీ చేసి మా సామాను ఎక్కించుకున్నాడు. అలా వచ్చి దిగిన చోటికి, బైబిల్లో దేవుడు తన జనానికి ఇస్తానన్న కానాను దేశం పేరు మీద కానానుపాలెం అని పేరు పెట్టుకున్నారు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం రాళ్ళపాలెం అనేవాళ్ళు, నిజం చెప్పాలంటే వాళ్ళ పేరే సరైంది. "పాలూ తేనెలూ పారతయ్యన్నాడే మీ తాత. వచ్చి చూస్తే రాళ్ళూ తేళ్ళూ" అని అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. తాత బీడీ పక్కన పెట్టి, "తేళ్ళు తగ్గినయ్ గదా ఇప్పుడు" అనేవాడు.

రాళ్ళు తగ్గించడానికి ఆ తొమ్మిది ఇళ్ళవాళ్ళూ మొదటి ఏడాదే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. చేనుకి పోయినవాళ్ళు ఎవరైనా సరే, సాయంత్రం వట్టి చేతులతో ఇంటికి రాకూడదు. ఒక రాయి మోసుకొచ్చి మందిరం పక్కన వేయాలి. ఆ రాళ్ళతోనే మందిరం లేచింది, తర్వాత చుట్టూ ప్రహరీ మొదలైంది. చూలాలైనా, ముసలివాళ్ళైనా, ఆఖరికి చూడటానికి వచ్చిన చుట్టాలైనా తప్పదు. మా నాన్న పెళ్ళిచూపులకొచ్చి చేను చూడబోతే, తెల్లచొక్కాతో ఆయన చేత కూడా ఒక రాయి మోయించిందట అమ్మమ్మ. ఆ రాయి ఎత్తిన తీరు చూసే పిల్లనిచ్చామని చెప్పేది. నాన్న మాత్రం, పారిపోదామంటే చేతిలో బరువుందని నవ్వేవాడు.

అమ్మానాన్నా గుంటూరులో మిల్లు పనిలో ఉండటంతో నేను అమ్మమ్మ దగ్గరే పెరిగాను. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి దగ్గర్లో ఏరడానికి రాళ్ళు మిగల్లేదు. ఒకరోజు చిన్న రాయి తెచ్చి ఇస్తే అమ్మమ్మ అందరిముందూ తిప్పి తిప్పి చూసి, "ఇదేందే, కోడి పెట్టిందా?" అంది. అక్కడున్న ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడు వాగు వైపు పోతే, వాన కడిగేసిన నేలలో పక్కకి ఒరిగి ఒక నాపరాయి కనిపించింది. పసుపు చారలతో, నా మోకాలంత ఉంది. ఊపితే ఊడి వచ్చేసింది. దాన్ని పొట్టకి ఆనించుకుని, ఆగుతూ ఆగుతూ మోసుకొచ్చాను. అమ్మమ్మ నా చెంపలు నిమిరి, "ఇదీ రాయంటే" అని తన చేత్తోనే ప్రహరీ వరసలో కూర్చోబెట్టి సున్నం మెత్తింది. ఆ రాత్రి నాకు నెయ్యి వేసి అన్నం పెట్టింది. ఆ నెయ్యి రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది, దాని వెనకే సిగ్గూ ఉంది.

ఎందుకంటే ఆ నాపరాయి మా చేనుకీ దానియేలు తాత చేనుకీ మధ్య ఉన్న హద్దురాయి. ఒకే బండిలో వచ్చినవాళ్ళం మనకి గట్టెందుకని ఆ ఇద్దరూ మధ్యలో గట్టు వేసుకోలేదు. ఒక కొసన తుమ్మచెట్టు, రెండో కొసన ఆ రాయి, అంతే. దుక్కులప్పుడు మాకు దున్నడానికొచ్చిన ట్రాక్టరు నాలుగు సాళ్ళు అటు పోయింది. దానియేలు తాత వచ్చి, "రాయేది బావా?" అన్నాడు. "నన్నడుగుతావేంది?" అన్నాడు తాత. "సాళ్ళు నీయి గదా, నిన్నే అడగాల" అన్నాడాయన. ముప్పై ఏళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరినొకరు అలా చూసుకోవడం ఎవరూ ఎరగరు.

మాలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, క్రీస్తుని తలుచుకుని అందరం రొట్టె పంచుకుంటాం. ఒకరి మీద ఒకరికి మనసులో ఏదైనా ఉంటే ఆ రొట్టె తీసుకోకూడదు. ఆ నెల ఇద్దరూ చెరో మూలా కూర్చుని చేతులు ముడుచుకున్నారు. రెండో నెలా అంతే. మూడో నెల మందిరం పాస్టరు అయ్యగారు హద్దురాయి జరిపినవాడి మీద శాపముంటుందని ప్రసంగం చేశారు. అందరూ తాత వంక చూస్తున్నారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను మాత్రం కిటికీలోంచి ప్రహరీ వంక చూశాను. పసుపు చారలు ఎండలో మెరుస్తున్నాయి. అప్పటికి గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక తాత అన్నం ముందు కూర్చుని, "ఈ వయసులో దొంగననిపించుకున్నా సువార్తా" అన్నాడు. ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి కంచంలో పెట్టేశాడు.

మర్నాడు అమ్మమ్మ మిరపకాయలకి తొడిమలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"పసుపు చారల రాయా?"

"ఆ."

"నేను మెచ్చుకున్నదేనా?"

తల ఊపాను. మా అమ్మమ్మ తప్పు ఒప్పుకోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఉప్పుదే తప్పు అనే మనిషి. కారం చేతులు చీరకి తుడుచుకుని, "ఆదివారం దాకా నోరు మెదపమాక" అంది. ఆ ఆరు రోజులూ నేను జ్వరం తగిలినదానిలా తిరిగాను.

ఆదివారం ప్రార్థన కాగానే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని అందరిముందూ నిలబడింది. "హద్దురాయి తీసింది నా మనవరాలు. ఇంత చిన్న రాయి తెచ్చావని నవ్వించి, పెద్దది తెమ్మని ఉసిగొలిపింది నా నోరు. గోడలో పెట్టింది నా చెయ్యి. చానా తప్పు చేశాం ఇద్దరం. నా మొగుడు దొంగ కాదు" అంది. తాత తల దించుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. దానియేలు తాత లేచొచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

తర్వాత అందరం చేనుకి పోయాం. అమ్మమ్మ నాకు వేరే రాయి ఇచ్చి, "తీసినచోట పెట్టు" అంది. ఎక్కడ తీశానో నాకు గుర్తులేదు. దానియేలు తాతకి ఇంకా అన్యాయం జరగకూడదని, మా వైపే బాగా లోపలికి పెట్టాను. ఆయన దాన్ని పీకి తన వైపు నాలుగడుగులు నడిచి పెట్టాడు. మా తాత మళ్ళీ పీకి ఇటు తెచ్చాడు. "నీ అభిమానం తగలెయ్య, అక్కడ కాదురా" అని ఒకరు, "నీకు కళ్ళు కనపడవు గదా బావా" అని ఒకరు. చివరికి అమ్మమ్మ ఆ రాయి లాక్కుని, "ఇట్టా మోసుకుంటా వాగులో పడతారు ఇద్దరూ" అని తనే ఒకచోట నిలబెట్టి, కాలితో మట్టి తొక్కింది. ఆ తర్వాతి నెల బల్ల దగ్గర ఆ ఇద్దరూ ఒకే రొట్టె తుంచుకున్నారు. గోడలో రాయిని మాత్రం కదపలేదు, తీస్తే వరస కూలుతుందన్నారు.

పోయినేడు కానానుపాలెం పొలాలు కొలిచారు. సొంతవాళ్ళ భూమి కాబట్టి వేరే సర్వేయరు వచ్చాడు, నేను ఊరికే చూడటానికి వెళ్ళాను. అమ్మమ్మ పెట్టిన రాయి పాత లెక్కకి అడుగున్నర తేడాగా ఉందని యంత్రం చెప్పింది. ఎటువైపు తేడానో చెప్పబోతే దానియేలు తాత కొడుకు చెయ్యి అడ్డం పెట్టి, "వద్దులెండి సార్, ఆ రాయి అక్కడే ఉండనీయండి" అన్నాడు. మా వైపు నుంచి, తాత చేను చేసుకుంటున్న మామయ్య కూడా సంతకం పెట్టేశాడు. నేను మందిరం దగ్గరికి పోయి, గోడలో ఆ చారల మీద కాసేపు చెయ్యి పెట్టి వచ్చాను.

ఇప్పటికీ ఏ చేనుకి పోయినా వట్టి చేతులతో రాలేను. నా బ్యాగులో ఎప్పుడూ ఒక రాయి ఉంటుంది, మా వాకిట్లో చిన్న కుప్పే అయింది. నిన్న కందిచేలో కూడా పని ముగిశాక ఒక నల్లరాయి కంటికి నచ్చింది. అది గుప్పెట్లో పట్టేంత రాయే. అయినా వంగబోతూ ఆగి, చుట్టూ ఉన్న రైతుల్ని అడిగాను.

"ఇది ఎవరి హద్దూ కాదు గదా?"

వాళ్ళు నవ్వారు. వాళ్ళు కాదని చెప్పేదాకా నేను ముట్టుకోలేదు.