నీలం తిరిగిన ఉలులు

మనిషన్నాక తప్పు చేస్తాడు, చేసి ఆగుతాడు. నేను ఆగే రకం కాదు. చేసిన తప్పు చూడముచ్చటగా ఉందని మురిసిపోయి, మిగిలిన వాటన్నిటికీ అదే తప్పు వరసబెట్టి చేశాను. దాన్ని కప్పిపుచ్చడానికి ఒక అబద్ధం చెబితే, ఆ అబద్ధం ఆటో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళింది. నా పెళ్ళి కాకముందు, నాకన్నీ వచ్చుననుకునే రోజుల్లో జరిగిన ముచ్చట ఇది. నిర్మొహమాటంగా నవ్వుకోండి. మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

ముందు మా వదిన గురించి చెప్పాలి. మాది నల్గొండ పక్క పల్లె. మా అన్న బస్సు డ్రైవరు. ఆయన కట్టుకొచ్చిన పద్మ వదినది గోదావరి ఒడ్డు ఊరు. ఎల్బీనగర్ చౌరస్తాకి అవతల ఒక సందులో రేకుల షెడ్డు కిరాయికి తీసుకుని, కర్రను గిరగిరా తిప్పుతూ చెక్కే లేత్ మిషను పెట్టింది. పప్పుగుత్తులు, కవ్వాలు, అప్పడాల కర్రలు, ఉయ్యాలల చుట్టూ నిలిపే కర్ర కమ్మీలు, ఏది అడిగితే అది చేస్తుంది. ఆమె ఉలి ఆనించిందంటే చెక్కపొట్టు జంతికల గొట్టంలోంచి దిగినట్టు చుట్టలు చుట్టలుగా దిగేది. సందులో పోయేవాళ్ళు కూరగాయల సంచులు కింద పెట్టి మరీ చూసేవాళ్ళు. కర్ర డిపోవాడు అందరికీ తడి కర్ర అంటగట్టినా, ఆమెకు మాత్రం ఎండిన కర్రే తీసేవాడు. వేలితో తట్టి చప్పుడు విని, లోపల ఎక్కడ బీట ఉందో చెప్పేస్తుందని వాడికి భయం.

ఇక ఆ ఉలులు. అవి వాళ్ళ నాన్న సూర్యారావు గారు లారీ కమాను పట్టీలను కొలిమిలో కాల్చి, సాగగొట్టి, చేతికి తగ్గట్టు చేసుకున్నవి. ఆయన జీవితమంతా లేత్ ముందే గడిచింది. పెళ్ళయి వచ్చేటప్పుడు వదిన నగల గురించి పట్టించుకోలేదట గానీ, ఆ ఉలుల మూట మాత్రం పట్టుబట్టి తెచ్చుకుందట.

ఆ ఏడు సూర్యారావు గారికి కంట్లో శుక్లం తీయాలన్నారు. వదిన ఊరికి బయల్దేరింది. అప్పటికి చేతిలో ఒక ఉయ్యాల పని ఉంది. నాగోల్‌లో ఉండే మణెమ్మ అనే పెద్దావిడ మనవరాలిని ఉయ్యాలలో వేసే వేడుక కోసం చేయించుకుంటోంది. కమ్మీలు చెక్కే పని, తన దగ్గరే పని నేర్చుకుంటున్న నాకు అప్పగించి వదిన ఒకటే మాట చెప్పింది. ఉలి మొద్దుబారితే చేతి రాయి మీద రుద్దుకో, మూలనున్న ఆ పాత సానపట్టే గ్రైండర్ జోలికి మాత్రం పోకు, అని.

"నువ్వు ఫికర్ చేయకు వదినా, నేనున్న కదా" అన్నాను.

ఈ లోకంలో మునిగిన పడవల్లో సగం ఈ మాట విన్నాకే బయల్దేరి ఉంటాయి.

వదిన తిరిగొచ్చేసరికి ఉలులన్నీ అద్దాల్లా మెరవాలనీ, ఆమె ఆశ్చర్యపోవాలనీ నా కోరిక. చేతి రాయితో రుద్దడం నా బోటి వీరుడికి నామోషీ. గోటితో పోయేదాన్ని గ్రైండర్ దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. అందులో చక్రం అరిగిపోయి ఉంటే, కొత్తది కొనడానికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనకాల ఉన్న ఒక హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాను.

దుకాణదారు మంచివాడే. నా ముందు రెండు చక్రాలు పెట్టాడు. తెల్లది మెత్తరకం, తొందరగా అరుగుతుంది గానీ ఇనుమును వేడెక్కనివ్వదు, ఉలులకు ఇదే మేలన్నాడు. బూడిద రంగుది గట్టిది, గరుకుది, గడ్డపారలకూ వెల్డింగ్ పనికీ వాడతారన్నాడు. తొందరగా అరిగిపోయేదాన్ని తెలివున్నవాడెవడైనా కొంటాడా? పైగా తెల్లది మాసిపోతుంది. బూడిద రంగుదే కట్టివ్వమన్నాను. దాంతోపాటు ఉలిని కదలకుండా ఒకే వాలులో పట్టి ఉంచే జిగ్ ఒకటి తీసుకున్నాను. ఒక్కో ఉలికి వాలు ఒక్కోలా ఉంటుంది, ప్రతిసారీ మార్చి బిగించుకోవాలన్నాడాయన. "ప్రతిసారీ" అనే మాట దగ్గర రోడ్డు మీద హారన్ మోగింది. మోగకపోయినా నేను వినేవాణ్ణి కాదు. పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకోమని కూడా చెప్పాడు. నాకు దాహమేస్తుందని కాబోలు, ఎంత ఆదరణ అనుకున్నాను.

షెడ్డుకొచ్చి చక్రం బిగించి మీట నొక్కాను. కోతికి గ్రైండర్ దొరికింది. దీపావళికి కూడా అన్ని నిప్పురవ్వలు చూడలేదు. మొదటి ఉలి మొన మీద ముందు గడ్డిరంగు తేలింది, తర్వాత ఊదా, ఆ తర్వాత నెమలి మెడలాంటి నీలం. నా కళ్ళు చెమర్చాయి. ఖరీదైన బండ్ల సైలెన్సర్ గొట్టం మీద అచ్చం అలాంటి నీలమే చూశాను. మేలురకం ఉక్కు కాబట్టే ఇంత రంగొచ్చిందని తీర్మానించుకున్నాను. రెండో ఉలికి అంత నీలం రాకపోతే, పాపం దానికి అన్యాయం జరగకూడదని, వచ్చేదాకా నొక్కిపట్టాను. దోనెలా వంపున్న ఉలి, ఏటవాలు మొన ఉలి, సన్నటి కోత ఉలి, అన్నిటికీ జిగ్‌లో ఒకటే వాలు. బడిపిల్లలందరికీ ఒకే గిన్నె బోర్లించి క్షవరం చేసినట్టు చేశాను. దాహమేసినప్పుడు గిన్నెలో నీళ్ళు తాగాను.

తర్వాత లేత్ మీద ఉయ్యాల కమ్మీ ఎక్కించాను. ఉలి కాసేపు బ్రహ్మాండంగా తెగింది. ఆ తర్వాత చెక్కడం మానేసి పీకడం మొదలుపెట్టింది. కమ్మీ కుక్క పీకిన దుప్పటిలా తయారైంది. పదును చాల్లేదనుకుని మళ్ళీ గ్రైండర్ ఎక్కించాను, మళ్ళీ నీలం, మళ్ళీ పీకుడు. ఉక్కు అంత వేడెక్కితే మెత్తబడిపోతుందని, ఆ రంగు అందం కాదు, జబ్బని నాకప్పుడు తెలియదు. ఉలులు పొట్టివవుతున్నాయి, కమ్మీలు సన్నమవుతున్నాయి. మణెమ్మ ఫోను చేసి పని ఎందాక వచ్చిందని అడిగితే, పాలిష్ ఒక్కటే మిగిలిందని చెప్పాను.

అంతలో వదిన వచ్చేసింది. ఒక్కతే కాదు, కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకుందామని వాళ్ళ నాన్నను కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆమె ఇంట్లో సంచులు సర్దుతుంటే, సూర్యారావు గారు నల్లకళ్ళద్దాలతో నేరుగా షెడ్డులోకి వచ్చారు. లేత్‌ను ఆప్యాయంగా నిమిరి, అద్దాలు పైకెత్తి, తన ఉలి ఒకటి చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు చూశారు.

"చిన్నల్లుడూ, ఈ ఉలి మొన నాకు నీలంగా కనపడుతోందేంటి?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నా నోట్లోంచి మాత్రం ఇది వచ్చింది: "ఆపరేషన్ అయినంక కొన్ని దినాలు అట్లనే నీలం కనపడ్తది మామయ్యా. అందరికి అంతే."

ఆయన తన చొక్కా వైపు చూసుకున్నారు. "చొక్కా తెల్లగానే ఉంది కదయ్యా. ఇనుమొక్కటే నీలంగా ఉంది."

"ముందుగాల ఇనుముకే వస్తది మామయ్యా" అన్నాను.

పాపం, పెద్దాయన ముఖం పాలిపోయింది. ఆ ఉలిని తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని, వెళ్ళి కూతురికి చెప్పారు. కాసేపటికి ముగ్గురం ఆటోలో ఉన్నాం. కొత్తపేట ట్రాఫిక్‌లో ఆటో నత్తలా పాకుతుంటే వదిన వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆయనే కళ్ళు పోతే లేత్ చప్పుడైనా వినొచ్చులే అని ఆమెకు ధైర్యం చెబుతున్నారు. నేను నిజం చెప్పేద్దామని నోరు తెరిచినప్పుడల్లా ఆటోవాడు సడన్ బ్రేకు వేశాడు. వాడి మీద తోస్తున్నాను గానీ, నా పిరికితనానికి బ్రేకులక్కర్లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కంటి డాక్టరమ్మ ఓపిగ్గా లైటు వేసి చూసింది, అక్షరాలు చదివించింది, మందు చుక్కలేసి మళ్ళీ చూసింది. కన్ను దివ్యంగా ఉందంది. అసలు ఏది నీలంగా కనపడుతోంది పెద్దాయనా, అని అడిగింది.

సూర్యారావు గారు తువ్వాలు విప్పి ఉలి టేబుల్ మీద పెట్టారు.

డాక్టరమ్మ దాన్ని చూసింది. తన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"ఇది నాకూ నీలంగానే కనపడుతోందండీ."

వదిన ఉలి తీసుకుని కిటికీ దగ్గర తిప్పి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అబ్బాయ్, గ్రైండర్ మీద పెట్టావా?"

"జరంత పెట్టిన వదినా."

"ఎన్నిటిని?"

"ఒక్కటి గూడ విడిచిపెట్టలే."

నా బతుకు ఆ కుర్చీలోనే ముగిసిందనుకున్నాను. అప్పుడు సూర్యారావు గారి భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని చూస్తే, నవ్వుతున్నారు. "కన్ను పోయిందనుకున్నానమ్మా, ఉలేగా పోయింది. ఉలి ఇంకోటి చేసుకోవచ్చు" అన్నారు. వదిన కూడా నవ్వేసింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆపరేషన్ అయిన కన్ను, అంతలా నవ్వొద్దని డాక్టరమ్మ హెచ్చరించింది, తను మాత్రం నవ్వు ఆపుకోవడానికి పళ్ళు బిగబట్టి.

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. వదిన తిట్టలేదు. దారిలో ఆ దుకాణం దగ్గర ఆటో ఆపించి తెల్ల చక్రం కొనిపించింది. షెడ్డుకు రాగానే ఒక్కో ఉలికి తగ్గ వాలుతో చెక్కముక్కలు కోసి, వాటినే జిగ్‌లుగా గ్రైండర్ ముందు బిగించుకుంది. ఆ పని ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. పసిపిల్లకు ఉగ్గు పెడుతున్నట్టు ఉలిని చక్రానికి ఇలా తాకించి అలా తీసేది, నీళ్ళలో ముంచేది, వేలితో తడిమి వేడి చూసుకునేది. నీలం ఉన్నంత మేరా అరిగించి, కింద చెడని ఉక్కును తేల్చింది. గోరంత పొట్టివయ్యాయి తప్ప ఉలులన్నీ బతికాయి. నేను కుక్క దుప్పట్లుగా మార్చిన కమ్మీల్లో పనికొచ్చేవాటిని నాజూకుగా తిరగచెక్కింది, రానివాటిని పప్పుగుత్తులు చేసింది. పక్కన ముక్కాలిపీట మీద వాళ్ళ నాన్న కూర్చుని, కూతురి చేతుల్ని కొత్త కంటితో చూస్తూ ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అవసరం పడలేదు.

ఉయ్యాల వేళకు నాగోల్ చేరింది. వేడుకకు మమ్మల్ని కూడా పిలిచారు. పాప అందులో పడుకోబెట్టగానే కమ్మీ ఒకటి గట్టిగా పట్టుకుని నిద్రపోయింది. మణెమ్మ మురిసిపోయి, వదిన ఊర్లో లేనప్పుడు నేనే చేశాననుకుని, నా వీపు తట్టింది.

"మీ మరిది చేతిల మంచి పనున్నదమ్మా" అంది.

"అవునండీ" అంది వదిన, ముఖంలో ఏ మార్పూ లేకుండా. "ముఖ్యంగా రంగులు బాగా వేస్తాడు."

కనుక ఆపి ఉన్న గ్రైండర్ చక్రం మీద చెయ్యి వేసి, సమస్త ఉలుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా చేతిలో ఏ ఉక్కూ రంగు మారదు. ఖర్మకాలి మారినా, ఆ నేరాన్ని ఏ పెద్దమనిషి కంటి మీదా నెట్టను. అప్పటికి నా కళ్ళకే శుక్లాలు వచ్చి ఉంటే, అది వేరే సంగతి.