గాజు చువ్వల బీము

మొన్న రాయదుర్గం మెట్రో దిగి నల్లగండ్లకు ఆటో కోసం చూస్తూ నిలబడితే, ఎదురుగా కడుతున్న ఆఫీసు టవరు దగ్గర ఒకాయన లేతపచ్చ చువ్వల కట్టను అవలీలగా భుజాన వేసుకుని పోతున్నాడు. అవి ఇనుము కాదు, గాజుపీచును జిగురుతో కలిపి చేసిన, తుప్పు పట్టని చువ్వలు. వచ్చిన ఆటోను కూడా వదిలేసి ఆ ఎండలోనే అటు చూస్తూ నిలబడ్డాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను గోపన్‌పల్లి దగ్గరి ఒక ప్రయోగశాలలో కాంక్రీటు బీములను విరగ్గొట్టి చూసే పనిలో ఉండేదాన్ని. జాకీతో బరువు పెంచుతూ, ఎంత వంగిందో, ఎక్కడ పగిలిందో చూడటమే పని. నా ఈడు ఇంజినీర్లకు ఆ తడి సిమెంటు వాసన గుర్తుండే ఉంటుంది. మా నాన్న తమ్ముడు, మా చిన్నాయన, అక్కడే పనిచేసేవాడు. పగుళ్ళు పడినకొద్దీ బీము పక్కన నిలబడి వాటి వెంట పెన్సిలు గీత గీయడం ఆయన వంతు. ఇనుప చువ్వల బీములంటే ఆయనకు బెరుకు లేదు. ఇనుము తెగేముందు సాగుతుంది. బరువు ఇక పెరగదు, బీము మాత్రం నిదానంగా కుంగుతూ ఉంటుంది, మనిషి తప్పుకోవడానికి బోలెడంత వ్యవధి.

గాజుపీచు చువ్వల బీమును మొదటిసారి ఎక్కించిన రోజు అలా జరగలేదు. అది ఇనుప బీము కంటే ఎక్కువ వంగింది, పగుళ్ళు గోరు పట్టేంత వెడల్పయ్యాయి, అయినా బరువు ఇంకా ఎక్కుతూనే ఉంది. ఆ చువ్వలు సాగవని మాకు చదువుకుని తెలుసు, కళ్ళతో చూసి తెలియదు. నేను కేక వేశాను.

“చిన్నాయనా, ఇగ చాలు, ఇవతలికి రా.”

“ఫికర్ చెయ్యకు బిడ్డా, ఇంక మోస్తనే ఉంది గద. జర ఈ ఒక్కటి గీసొస్త,” అని ముందుకు వంగాడు.

తుపాకి పేలినట్టు శబ్దం. దుమ్ము అణిగేసరికి బీము రెండు ముక్కలై ఉంది. చిన్నాయన ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి రక్తం కారుతుండగా, నాకేమన్నా తగిలిందా అని అడుగుతున్నాడు.

దవాఖానలో ఎంత ప్రయత్నించినా ఆ కన్ను దక్కలేదు. తర్వాతి బీములో చువ్వలు ఎక్కువ వేశాం, అవి తెగేలోపు పైన కాంక్రీటే ముందు నలిగేటట్టు. చుట్టూ ఇనుప వల కట్టాం. చిన్నమ్మ వద్దన్నా వినకుండా చిన్నాయన వచ్చి ఆ వల వెనుక నిలబడ్డాడు. బీము పైభాగం పెచ్చులు పెచ్చులుగా రాలి, ఆ తర్వాతే కూలింది. “ఇది చెప్పి పోయింది బిడ్డా,” అని నవ్వాడు గానీ, వలను పట్టుకున్న చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఆ శబ్దం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఫ్లైఓవరు కింద బండి ఆగినా, పెళ్ళి హాల్లో కూర్చున్నా నా చూపు పైకే పోతుంది. ఈ రోజుల్లో పగుళ్ళను కెమెరాలు చూస్తాయి, బీము దరిదాపుల్లో మనిషి ఉండడు, అంతకంటే కావలసిందేముంది. చిన్నాయన పోయి చాలా ఏళ్ళయింది. అయినా ఏ పెద్దమనిషి పక్కన కూర్చోవాల్సి వచ్చినా, నేను చుట్టూ తిరిగి వెళ్ళి ఆయనకు కుడివైపునే కూర్చుంటాను, చిన్నాయనకు కనబడే వైపు అదే. ఎందుకని మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ అడగరు.