డయాలిసిస్ మంచం మీద ఓనమాలు

ఖాళీ సమయాన్ని సద్వినియోగం చేసుకోవాలని మాకు చెప్పింది వేలూరు డయాలిసిస్ సెంటర్లో కౌన్సెలింగ్ చేసే అమ్మాయి. పాపం, చిన్నపిల్ల. చేతిలో ఒక రంగుల కాగితం పెట్టి, మిషను మీద ఉండే నాలుగు గంటలు వృథా చేసుకోకండి, పుస్తకాలు చదవొచ్చు, పాటలు వినొచ్చు, కొత్త భాష ఏదైనా నేర్చుకోవచ్చు అని అరవంలో తియ్యతియ్యగా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. మంచం మీద నా మొగుడు రెండు సూదులు గుచ్చుకుని పడి ఉన్నాడు. ఒంట్లో రక్తం ఒక గొట్టంలో నుంచి బయటికి పోయి ఇంకో గొట్టంలో నుంచి తిరిగి వస్తోంది. దీన్ని ఖాళీ సమయం అంటుందా ఈ పిల్ల?

ఆయన మాత్రం నవ్వాడు. "వినినావామే, మనకు లీవు ఇచ్చినారంట," అన్నాడు.

ఆయన ఊరికే కూర్చోగా నేను చూసింది పెళ్ళిపీటల మీద ఒక్కసారే. అప్పుడు కూడా పురోహితుడు మంత్రాలు సాగదీస్తుంటే కాళ్ళు కదుపుతూనే ఉన్నాడు. గుడియాత్తం పక్కన మాకు కొబ్బరితోట ఉంది. తెల్లవారితే తోట, పొద్దుగూకితే తోట. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మా అత్తగారు చెప్పిన మాట ఆయనకు వేదం. అలాంటి మనిషికి మూత్రపిండాలు రెండూ పోయాయి. ఎడమచేతిలో రెండు నరాలు కలిపి కుట్టారు, సూది గుచ్చడానికి వీలుగా. ఆ చోట వేలు పెడితే లోపల గుర్రుమంటుంది. "మన బోరు మోటారు మాదిరే ఉండాది," అని ఇంటికి వచ్చినవాళ్ళందరి చేతా ముట్టించేవాడు. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు. నీళ్ళు గుక్కలు లెక్కపెట్టి తాగాలి. లేత టెంకాయ నీళ్ళయితే నాలుక మీద వేసుకోకూడదు, గుండె ఆగిపోతుందన్నారు. జీవితమంతా టెంకాయలు పండించినవాడు ఆ మాట విని డాక్టరు ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయాడు.

నా కిడ్నీ ఇస్తానన్నాను. నీకు షుగరుంది, పనికి రాదన్నారు. కనియంబాడిలో ఇచ్చిన మా అమ్మాయి ముందుకొస్తే ఈయన ఒప్పుకోలేదు. "దానికి చిన్నబిడ్లుండారు. మళ్ళా ఆ మాటెత్తితే మిషనుకు కూడా రాను, చూసుకో," అన్నాడు. ఇక మాకు మిగిలింది మిషను ఒక్కటే. అది జబ్బును బాగుచెయ్యదు, వాయిదా వేస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

మిషను లేని రోజుల్లో వాకిట్లో మంచం వేసుకుని కూర్చునేవాడు. తోట కౌలుకు ఇచ్చేశాం. ఎక్కడో టెంకాయ రాలిన చప్పుడైతే లేచి నిలబడేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. మిషను ఉన్న రోజు రైలెక్కి లత్తేరి మీదుగా కాట్పాడి, అక్కణ్ణించి బస్సులో వేలూరు. రైలుకు లేవలేకపోతే ఆటో మాట్లాడుకుని గుడియాత్తం బస్టాండు, పళ్ళికొండ మీదుగా బస్సు. ఎలా పోయినా చివర అదే మంచం.

ఎండలు ముదిరే వేళ ఒక పొద్దున రానని మొండికేశాడు.

"పొయ్యేది, పడుకునేది, వచ్చేది, మళ్ళా పడుకునేది. ఇదొక బతుకామే?"

బతిమాలాను, తిట్టాను. వినలేదు. రెండు రోజుల్లో ముఖం ఉబ్బిపోయింది, పడుకుంటే ఊపిరి ఆడలేదు. కూర్చోబెట్టి, వీపు నిమురుతూ, కారులో వేలూరు తీసుకుపోయాను. ఆ దారంతా నాకు ఒకటే భయం. ఈసారికి బతికించుకుంటాను సరే, ఈ మనిషి మళ్ళీ రానంటే ఏం చెయ్యాలి? ఈయనకు బతకడం ఇష్టం లేక కాదు, రావడానికి ఏ కారణమూ లేక.

అప్పుడు ఆ పిల్ల చెప్పిన 'కొత్త భాష' గుర్తుకొచ్చింది. మాకు కొత్త భాష ఎందుకు, పాతదే సగం మిగిలి ఉంది. మా అత్తగారింట్లో ఎన్ని తరాలుగానో తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ చదవడం రాదు. రాతలన్నీ అరవంలోనే. నాది పలమనేరు వైపు, పది దాకా తెలుగులో చదివాను. కొత్తకాపురంలో నేను మా అమ్మకు ఉత్తరం రాసుకుంటుంటే ఈయన భుజం మీదుగా తొంగిచూసి, "ఏమ్మే, జిలేబీలు పిండతాండావా?" అని ఏడిపించేవాడు. ఆ జిలేబీలే ఇప్పుడు అక్కరకొచ్చాయి. గుడియాత్తం బజారులో పలకా బలపం కొన్నాను.

మొదటిరోజు సిగ్గుపడ్డాడు. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారని పలకను దుప్పటి కింద దాచాడు. రెండోరోజు కుడిచేత్తో 'అ' దిద్దాడు. గుణింతం చెప్పక ముందే కొట్లాటలు మొదలయ్యాయి.

"క, ఖ, గ, ఘ," అన్నాను.

"అరవంలో ఒక్క అచ్చరంతో మేము సంసారం చేస్తాంటే మీకు నాలుగా? యాలమ్మే ఇంత డాంబికం?"

"మీది కరువు సంసారం. అందుకే ఎవురేం చెప్తాండారో తెలీదు."

నర్సు నవ్వు ఆపుకుంటూ సూదులు సరిచేసింది. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఎప్పుడూ బస్సు కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకునే మనిషి, ఆ రోజు పళ్ళికొండ దాటాక, "మళ్ళా పోయినప్పుడు ఏ అచ్చరం?" అని అడిగాడు. నేను ముఖం అటు తిప్పుకుని చీరకొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను.

ఆ ప్రశ్నే నాకు దారి చూపించింది. అక్షరాలు మిగిలి ఉన్నన్నాళ్ళూ ఈయన వస్తాడు. అందుకని నేను పాఠం నడిపే తీరు మార్చాను. రెండు నేర్చుకోగలిగిన రోజు ఒకటే చెప్పాను. చక్కగా రాసినా తలకట్టు సరిగా లేదని చెరిపించాను. మా బళ్ళో పంతులు కూడా వదిలేసిన ఌకారం తవ్వి తీశాను. "దీంతో ఏం మాటుండాది?" అని అడిగాడు. ఏమీ లేదన్నాను. "మాట లేని అచ్చరం యాలమ్మే?" అని కోప్పడుతూనే దిద్దాడు. బండి ఱ వచ్చినప్పుడు మాత్రం చుట్టం కనిపించినట్టు సంబరపడ్డాడు. ఇది అరవంలో మాకూ ఉండాదే అన్నాడు. ఆలస్యం అమృతం విషం అంటారు. నాకు మాత్రం ఆలస్యమే అమృతమైంది.

ఒకరోజు మిషను మీద ఒంట్లో నీళ్ళు ఎక్కువ లాగేశారు. అలా లాగితే పిక్కలు రాయిలా బిగుసుకుపోతాయి. నోరెండిపోయి మాట రావడం లేదు. పలక అందుకుని ఏదో రాసి నా వైపు తిప్పాడు. 'పాత' అని ఉంది. పాత ఏమిటి, పాత దుప్పటి కావాలా? సంచీలో నుంచి దుప్పటి తీసి కప్పాను. తన్నేశాడు. మళ్ళీ రాశాడు. మళ్ళీ పాతే. అప్పుడు తట్టింది నాకు. అరవంలో ప కూ బ కూ ఒకటే అక్షరం, త కూ ధ కూ ఒకటే. తెలుగు అక్షరాలు పట్టుకున్నాడు గానీ ఆయన చెయ్యి ఇంకా అరవంలోనే ఉంది. ఆయన రాసింది బాధ. నర్సును కేక వేసి, పిక్కలు పట్టుకుని పిసికాను. నొప్పి తగ్గాక ఆ రెండు మాటలూ పక్కపక్కన రాసి చూపించాను.

"రెండూ ఒకటేలేమ్మే," అన్నాడు.

పక్క మంచం మీద ఒక అరవ మాస్టారు ఉండేవారు. రిటైరైనాయన. మంచమెక్కగానే పేపరు మడిచి గళ్ళనుడికట్టు నింపడం మొదలుపెట్టేవారు. కౌన్సెలింగ్ అమ్మాయికి ఆయనంటే గొప్ప ముచ్చట. సమయం ఎలా వాడుకోవాలో సార్‌ను చూసి నేర్చుకోండి అని కొత్తవాళ్ళందరికీ చూపించేది. ఒకరోజు మేం పోయేసరికి ఆ మంచం మీద వేరే ఎవరో ఉన్నారు. మాస్టారు ఏరని అడిగితే నర్సు గొట్టం వంకే చూస్తూ, షిఫ్టు మారారని చెప్పింది. చనిపోయినవాళ్ళందరూ అక్కడ షిఫ్టే మారతారు.

"ఆయప్ప టైము బాగానే వాడుకునినాడు, పాపం," అన్నాడు ఈయన. తర్వాత చాలాసేపు పలక ముట్టుకోలేదు.

ఆ రోజు నుంచి ఆయనలో తొందర మొదలైంది. నేను ఒకటి చెప్తే నాలుగు అడిగేవాడు. ఒత్తులు చెప్పనని దాటేస్తుంటే, నా సంచీలో ఉన్న పాత వారపత్రిక లాక్కుని తనే కూడబలుక్కున్నాడు. ఒకసారి మేమెక్కిన బస్సు పళ్ళికొండలో ఆగినప్పుడు ఎదురుగా ఆంధ్రా బస్సు వచ్చి నిలబడింది. నేను చూసేలోపలే, "ప-ల-మ-నే-రు," అని గట్టిగా చదివేశాడు. బస్సులో వాళ్ళంతా తిరిగి చూశారు. "మీ ఊరమ్మే!" అన్నాడు. ఆ ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. చదవడం వచ్చేసింది ఈయనకు. ఇక నా దగ్గర ఏముంది?

అయినా వదల్లేదు. మరుసటిసారి, పొల్లు ఎక్కడ పెట్టాలో నీకు తెలియదు, మళ్ళీ మొదటి నుంచి చెప్తానన్నాను. ఆయన పలక పక్కన పెట్టి నన్నే చూశాడు.

"నన్ను ఒకటో తరగతిలోనే కూచోబెట్టుకోనుండావు గదా, ఇన్నాళ్ళూ?"

నేను బలపం కోసం సంచీలో వెతుక్కున్నాను.

"తెలుసమ్మే నాకి. తెలిసే వచ్చినాను. ఇంగ నన్ను పాసు చేసెయ్."

ఎవరైనా వింటారని కూడా చూడకుండా ఏడ్చాను. ఆయన కుడిచెయ్యి చాపి నా తల మీద పెట్టాడు. మిషను తన పని తాను చేసుకుపోతోంది. ఆ తర్వాత కూడా కొన్నిసార్లు వచ్చాడు, నా కోసం. పలక తీసుకుపోయేవాళ్ళం గానీ దాని మీద ఏమీ రాయలేదు. రాను రాను మంచం దిగాక నిలబడటమే కష్టమైంది. ఇంటికొచ్చిన రోజంతా పడుకునేవాడు, మర్నాడు కాస్త కళ్ళు తెరిస్తే ఆ మర్నాడు మళ్ళీ ప్రయాణం. మా అమ్మాయి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని మళ్ళీ కిడ్నీ మాట ఎత్తింది. ఆయన గోడ వైపు తిరిగిపోయాడు.

ఆ పొద్దున కూడా మామూలుగానే తయారయ్యాం. ఆయన చొక్కా తొడుక్కుని వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. నేను పెరటి తలుపు గడియ పెట్టి, సంచీలో దుప్పటీ బిస్కెట్లూ సర్దాను. ఆటో వచ్చి వీధిలో ఆగింది.

"పోదుమ్మే," అన్నాడు ఆయన.

సరేనని సంచీ భుజానికి తగిలించుకుని గడప దిగాను. నాలుగడుగులు వేసి, వెనక అడుగుల చప్పుడు లేకపోతే తిరిగి చూశాను. ఆయన మంచం మీద నుంచి లేవలేదు. చెప్పులు వేసుకోలేదు. నా వైపు చూస్తున్నాడు, ప్రశాంతంగా, ఏదో పని ముగించిన మనిషిలాగ.

మా పుట్టింటి తెలుగులో పోదుం అంటే బయలుదేరుదాం అని. అరవంలో పోదుం అంటే చాలు అని. ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో రెండు మాటలూ వింటూనే ఉన్నాను, ఒక్కసారి కూడా పొరబడలేదు. ఆ రోజు నేను తెలుగులో విన్నాను. ఆయన చెప్పింది అరవంలో.

"నిజంగానా?" అని అడిగాను.

తలూపాడు.

ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. సంచీ మంచం మీద ఆయన పక్కన పెట్టి, వీధిలోకి నేనే వెళ్ళి, ఈ రోజు రావడం లేదప్పా అని చెప్పి పంపేశాను.