ఎదుటివారి మాట

మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. దేవుణ్ణి నమ్మేవారు కాదు. అదే స్కూల్లో తెలుగు మాస్టారు చర్చిలో సంఘపెద్ద. డెబ్భైల్లో, రాజోలు దగ్గర మా ఊళ్ళో, ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన తిన్నగా మా ఇంటికి వచ్చేవారు. అరుగు మీద రెండు కుర్చీలు వేసి ఉండేవి. భోజనాల వేళ దాకా ఇద్దరూ దేవుడి గురించి వాదించుకునేవారు.

వాళ్ళకో నియమం ఉండేది. జవాబు చెప్పే ముందు ఎదుటివారి మాటను తమ నోటితో తిరిగి చెప్పాలి. ఎదుటివారు అవునంటూ "ఆయ్" అన్నాకే సొంత మాట ఎత్తాలి.

"దేవుడుంటే తుఫానులో పసిపిల్లలు ఎందుకు పోయేరని మీ ప్రశ్న. అంతేనాండి?" అన్నారు తెలుగు మాస్టారు ఓసారి.

"సగమేనండి. పిల్లలు పోయిన ఇంటి పక్కనే బతికినాయన, నా ప్రార్థన ఫలించిందంటాడు. ఆ తల్లి అది వినాలి. అదీ నా బాధ."

మాస్టారు మళ్ళీ మొదటినుంచి చెప్పారు. నాన్న ఆయ్ అన్నారు.

"ప్రార్థన ఫలించిందన్న ఆ మాట నేనూ అన్నానండి," అన్నారు మాస్టారు. ఆ రోజు ఇంక వాదించలేదు.

ఇంకోసారి మాస్టారి మాటను తిరిగి చెప్పే వంతు నాన్నకు వచ్చింది. "మీరు చెప్పినదాంట్లో మా దేవుడు మీ అన్నగారిలా ఉన్నాడండి, వంగి దండం పెడితే గాని పలకడు. మళ్ళీ చెప్పండి," అన్నారు మాస్టారు. నాన్న నవ్వాపుకోలేకపోయారు.

ఎనభైల మొదట్లో నాన్న మంచం పట్టారు. మాస్టారి ఎదుటే నన్ను పిలిచి, "నేను పోయేక కాల్చెయ్యి, అంతే. మంత్రాలొద్దు, పిండాలొద్దు. ఏదీ, నేనేం చెప్పేనో చెప్పు," అన్నారు. చెప్పాను. ఆయ్ అన్నారు.

ఆయన పోయిన ఉదయం మా పెదనాన్న పురోహితుణ్ణి తీసుకొచ్చారు. అరుగు మీది కుర్చీలు ఎవరో లోపల పెట్టేశారు. మాస్టారు వచ్చేసరికి పెదనాన్న ఎదురెళ్ళి, "ఇది మా ఇంటి సంగతండీ. మీరక్కడే ఉండండి," అన్నారు.

"ఆయ్, లోపలికి రానండి," అని మాస్టారు వాకిట్లోనే నిలబడ్డారు. "బాబూ, నాన్నగారేం చెప్పేరో ఒక్కసారి చెప్పండి. తర్వాత మీ ఇష్టం."

అందరూ నా వైపు చూశారు. అమ్మ ఏడుపు ఆపింది.

"పిండం పెట్టకపోతే మీ నాన్న ఆకలితో తిరుగుతాడురా," అన్నారు పెదనాన్న.

దానికి ఏం చెప్పాలో నాకు తెలుసు. నాన్నే నేర్పారు. నేను పురోహితుడి వైపు వేలు చాపాను. ఆయన దర్భ ఉంగరం తొడిగాడు.

పదోరోజున పెదనాన్న వచ్చినవాళ్ళందరికీ, "చివర్లో మా తమ్ముడికీ నమ్మకం కుదిరిందండి," అని చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నాను.

నెల తిరిగాక ఓ సాయంత్రం మాస్టారింటికి వెళ్ళాను. అమ్మ గురించి, పెదనాన్న గురించి చాలాసేపు చెప్పాను. ఆయన అంతా విన్నారు.

"అమ్మగారి ఏడుపు చూడలేక, పెదనాన్నగారికి ఎదురు చెప్పలేక చేసేరు. నాన్నగారు నమ్మినట్టే పోయినవాళ్ళకి ఏదీ తెలీదు కాబట్టి ఫర్వాలేదని మీరనుకున్నారు. అంతేనాండి?"

ఆ చివరి మాట నేను పైకి చెప్పలేదు.

"ఆయ్," అన్నాను.

ఇక జవాబు ఆయన వంతు. ఆయన లేచి, కండువా వేసుకుని, బైబిలు తీసుకుని ప్రార్థనకు వెళ్ళిపోయారు.